క్రొత్తకు వెల యెవరు చెల్లింతురు?



"రైతు మూఢుడు, తాతలనాటి పద్ధతిని విడువడు, మంచి విత్తన మిచ్చినను, మంచి నాగలి యిచ్చినను వలదనును" అను మాట పట్టణములలో చిరకాలముగా వినబడుచున్నది. ఈ మాట నాడినవారిలో అధికారులు గలరు, పండితులు గలరు, సహృదయులైన సంస్కర్తలును గలరు. వారి యుద్దేశము చెడ్డది కాదు. కాని యొక మనుష్యుని మూఢుడనుటకు ముందు, ఆతడు దేనిని వలదనెనో, ఎందుచేత వలదనెనో, ఒకవేళ నంగీకరించి చెడిపోయినచో ఆ నష్ట మెవరి నెత్తిన బడెడిదో మనము లెక్క చూచితిమా? ఈ ప్రశ్నను ఊహలతో గాక లెక్కలతో నడిగిన చరిత్ర యొకటి కలదు. అందు నొక ముఖ్యాధ్యాయము మన తెలుగు పల్లెలలోనే వ్రాయబడినది. దానిని గుఱించి నేడు నాకు లభించిన కొలది నిమిషములలో మనవి చేసెదను.

నేను హైదరాబాదు నగరమునకు తూర్పు భాగముననున్న దిల్‌సుఖ్‌నగరులో నివసించువాడను. మా పేట నడుమగా పోవు రాజమార్గము పడమటి దిక్కున పటాన్‌చెరువు మీదుగా మహారాష్ట్రములోని షోలాపురమునకు పోవును. తూర్పు దిక్కున లాల్ బహదూరు నగరు చౌరస్తా దాటి విజయవాడకును, మచిలీపట్టణమునకును పోవును. మేము ఎల్.బి. నగరని పిలుచుకొను ఆ చౌరస్తా కడనే నాగార్జునసాగరమునకు పోవు రోడ్డు దక్షిణముగా చీలుచున్నది. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీ నుండి మెట్రో రైలును అచ్చటి వఱకు వచ్చుచున్నది. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములును అచ్చటనే కలవు. ఆ జిల్లాలోనే, సాగరు రోడ్డునకును శ్రీశైలము రోడ్డునకును నడుమ, మాడ్గుల మండలములో అవురుపల్లి యను గ్రామము కలదు. నగరమునకు దక్షిణముగా సుమారు 70 కిలోమీటర్ల దూరము. 2016 వఱకు అది మహబూబ్‌నగరు జిల్లాలో నుండెను. ఎఱ్ఱ చెల్కలు, ఆముదపు చేలు, జొన్న, బావుల క్రింద కొంచెము వరి, తాటిచెట్లు, కల్లు గీయు గౌడుల కుటుంబములు, ఇవి యా యూరి లక్షణములుగా నుండెను. ఇట్టి యూళ్లు తెలంగాణములో వేలు గలవు. మా పేటలో నా పేరు వినినవారు కొలదిమందియే యుందురు. కాని దేశదేశముల విశ్వవిద్యాలయములలో గ్రామీణార్థశాస్త్రమును చదువువారిలో "ఔరేపల్లె" యను పేరుతో దాని నెఱిగినవారు పెక్కుమంది కలరు. ఈ కీర్తి యెట్లు వచ్చెనో తెలియుటకు ముందు కొంచెము దూరదేశమునకు పోవలెను.

అమెరికాలోని అయొవా రాష్ట్రము మొక్కజొన్నకు పుట్టినిల్లు వంటిది. 1928 ప్రాంతమున నచ్చట సంకర మొక్కజొన్న విత్తనము బజారునకు వచ్చెను. ఈ విత్తనమున దిగుబడి హెచ్చు. కాని పంటలోని గింజను దాచి మరుసటి యేట విత్తుటకు వీలులేదు, ప్రతియేడును క్రొత్తగా కొనవలెను. బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అను నిరువురు సామాజిక శాస్త్రజ్ఞులు రెండు గ్రామప్రాంతములలోని 259 మంది రైతులను కలిసికొని, ఎవరెప్పుడు దీనిని గుఱించి వినిరి, ఎవరెప్పుడు నాటిరి అని విచారించి 1943లో తమ ఫలితములను ప్రకటించిరి. 1941 నాటికి ఇద్దఱు దక్క తక్కినవారందఱును సంకర విత్తనమును నాటియుండిరి. అందు గమనింపదగిన విషయ మేమనగా, విత్తనమును గుఱించి మొదట చెప్పినవాడు చాలవఱకు అమ్మకపువాడు. నమ్మకము కలిగించినవాడు పొరుగు రైతు. వినుట యొకటి, నమ్ముట మఱియొకటి.

తరువాత 1957లో జ్వీ గ్రిలికస్ అను యువకుడు ఈ విషయమునే అర్థశాస్త్రపు దృష్టితో పరిశీలించెను. ఈయన లిథువేనియా దేశమున 1930లో జన్మించి, బాల్యమున నాజీల నిర్బంధ శిబిరమునుండి బ్రతికి బయటపడి, అమెరికా చేరి విద్య నభ్యసించినవాడు. ఈయన రాష్ట్రముల వారీగా ఏయే యేట ఎన్నవ వంతు భూమి క్రొత్త విత్తనము క్రిందికి వచ్చెనో లెక్కలు తీసి గీతలు గీచెను. ప్రతిచోటను గీత యొకే యాకారము గలదిగా కనబడెను. మంద యేటిలోనికి దిగునట్లు, మొదట నొకటి రెండు పశువులు కాలు మోపును; పిదప గుంపంతయు నొక్కమాఱుగా దిగును; కడపట కొన్ని మాత్రము గట్టున నిలుచును. ఈ గీతను వర్ణించుటకు మూడంకెలు చాలునని ఆయన చూపెను: ఎప్పుడు మొదలయ్యెను, ఎంత వేగముగా నెక్కెను, ఎచ్చట నాగెను. అయొవాలో నూటికి పది పాళ్లనుండి తొంబది పాళ్లకు పెరుగుటకు నాలుగేండ్లే పట్టెను. దక్షిణమున అలబామా వంటి రాష్ట్రములలో పని యాలస్యముగా మొదలై మెల్లగా సాగెను.

దక్షిణ రైతు సోమరి గనుక ఆలస్య మయ్యెనని యప్పటివా రనుకొనుట సహజము. గ్రిలికస్ లెక్క వేఱొకటి చెప్పినది. ఉత్తరపు నేలకు సరిపడు విత్తనము ముందు తయారయ్యెను. దక్షిణపు నేలకు సరిపడునది తరువాత తయారయ్యెను. అమ్మకము విశేషముగా నుండుచోటికి విత్తన వర్తకులు ముందు పోయిరి. లాభ మధికముగా నున్నచోట రైతులు త్వరగా మాఱిరి. లాభము స్వల్పముగా నున్నచోట మెల్లగా మాఱిరి. తేడాలో నధికభాగము లాభనష్టములలో నున్నదే గాని మనుష్యుల బుద్ధిలో లేదని తేలినది. మఱుసటి యేట, అనగా 1958లో, ఈ విత్తనముపై ప్రభుత్వము, వర్తకులు పరిశోధనకై వెచ్చించిన ధనమునకు సంఘమునకు కలిగిన ప్రతిఫలము ఏటా కనీసము నూటికి ఏడువందలని ఆయన గణించెను. క్రొత్త వస్తువు యొక్క అర్థశాస్త్రము అంకెలతో మాటలాడుట కిదియే గొప్ప యారంభమని చెప్పవచ్చును.

అయితే గ్రిలికస్ లెక్కలలో నొక కొఱత యున్నది. అవి రాష్ట్రముల లెక్కలు. ఒక యూరిలో నే యింటివారు ముందు దిగిరో, ఏ యింటివారు గట్టున నిలిచిరో అవి చెప్పజాలవు. మన దేశములో 1960వ దశకము చివర అధిక దిగుబడి నిచ్చు గోధుమ, వరి విత్తనములు వచ్చినప్పుడు ఈ ప్రశ్నయే ముఖ్యమయ్యెను. కాలువల క్రింద నవి త్వరగా వ్యాపించెను. వానకై యాకాశమువంక చూచు మెట్ట పొలములలో మార్పు మందముగా నుండెను. అచ్చటివారు బీదలు, బీదలు గనుక భయపడుదురు, భయపడుదురు గనుక మాఱరు, మాఱరు గనుక బీదలుగానే యుందురు, అను వాదము నానాట బలపడెను. వినుటకిది యుక్తముగా తోచును. కాని దీనిని తూచి చూచినవా రెవరు?

1972లో మన పటాన్‌చెరువున అర్ధశుష్క ఉష్ణమండల అంతర్జాతీయ సస్య పరిశోధన సంస్థ, అనగా మనమందఱము ఇక్రిశాట్ అని పిలుచునది, స్థాపింపబడెను. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ అను మెట్టపంటల పరిశోధన దాని పని. అందలి యర్థశాస్త్రజ్ఞులు జేమ్స్ రయన్, ఎన్.ఎస్. జోధా, హాన్స్ బిన్స్‌వాంగర్ మొదలగువారు, విత్తనమును పరీక్షించునట్లే విత్తువానిని గూడ తెలిసికొనవలెనని తలంచి, 1975లో ఆఱు గ్రామములను ఎన్నుకొనిరి. మహబూబ్‌నగరు జిల్లాలో అవురుపల్లి, దోకూరు. షోలాపురము జిల్లాలో శిరాపురము, కల్మన్. అకోలా జిల్లాలో కంజరా, కిన్‌ఖేడా. ప్రతి గ్రామమునందును 40 ఇండ్లు: పది భూమిలేని కూలివారివి, పది చిన్నరైతులవి, పది నడిమి రైతులవి, పది పెద్దరైతులవి. పల్లె బ్రదుకు నెఱిగి, అచ్చటి భాష మాటలాడు విద్యావంతులను ఆ యూళ్లలోనే కాపురముంచిరి. వారు మూడు నాలుగు వారముల కొకమాఱు ప్రతి యింటికి పోయి, ఏ మడిలో నేమి విత్తిరి, ఎన్ని దినములు కూలికి పోయిరి, ఎవరికడ నెంత యప్పు తెచ్చిరి, ఏమి తినిరి, ఏమి యమ్మిరి అని వ్రాసికొనిరి. అవురుపల్లి, శిరాపురము, కంజరాలలో నీ పని పదియేండ్లు సాగెను.

నలువది యిండ్ల లెక్కతో నేమి తెలియునని మీ రడుగవచ్చును. గణాంకశాస్త్రమున కిది మూలప్రశ్న. ఈ సందర్భమున నొక తెలుగువానిని స్మరింపక తప్పదు. 1920లో హడగలి యందు తెలుగు కుటుంబమున జన్మించి, వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 1941లో కలకత్తా గణాంకసంస్థను చేరిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1945లో, అనగా తమ యిరువదియైదవ యేట, ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. చేతనున్న సమాచారమును బట్టి యే యంచనాకైనను తప్పు కొంత మేరకే తగ్గును. ఆ మేరను మించి దానిని తగ్గించుట యెంతటి నేర్పరికిని సాధ్యము కాదు. ఈ మేర యెంతయో వారు సూత్రీకరించిరి. ఈ సిద్ధాంతపు దృష్టితో చూచినచో, ఆఱు గ్రామముల పని యందలి వివేకము బోధపడును. ఒకే యింటిని పదియేండ్లు వెంబడించినచో, మంచి యేటను, చెడ్డ యేటను ఆ యింటిని దానితోడనే పోల్చవచ్చును. రామయ్యను సోమయ్యతో పోల్చునప్పుడు వారి నేల వేఱు, నేర్పు వేఱు, అదృష్టము వేఱు. రామయ్యను కఱవునాటి రామయ్యతో పోల్చునప్పుడు ఈ తేడాలలో పెక్కు తొలగిపోవును. ఇండ్లు కొలదియైనను, సమాచారము కొలది కాలేదు.

ఇక నసలు పరీక్షకు వత్తము. బీదవాడు స్వభావముచేతనే యధిక భయస్థుడా? బిన్స్‌వాంగర్ ఈ సంగతిని 240 కుటుంబములలో రెండు విధముల పరీక్షించి, 1980లో ఫలితములను ప్రకటించెను. మొదటి విధము నోటితో నడుగుట: ఇట్టి సందర్భమున మీరేమి చేయుదురు, అట్టి సందర్భమున నేమి చేయుదురు అని. రెండవ విధము నిజమైన రూపాయలతో నాణెము నెగురవేయుట. పలువిధములైన పందెములను రైతు ముందుంచి, తనకు నచ్చిన దానిని కోరుకొమ్మనిరి. ఒకదానిలో బొమ్మ పడినను, బొరుసు పడినను 50 రూపాయలు వచ్చును; భయమే లేదు. ఇంకొకదానిలో బొమ్మ పడిన 45, బొరుసు పడిన 95. మఱియొకదానిలో 30 గాని 150 గాని. కడపటి దానిలో బొమ్మ పడిన సున్న, బొరుసు పడిన 200. క్రిందికి పోయిన కొలది సగటు రాబడి పెరుగును, గుండెదడయు పెరుగును. మొదట అర్ధరూపాయి మేర పందెముతో నారంభించి, పిదప అయిదు రూపాయలకు, ఆ పిదప ఏబది రూపాయలకు పెంచిరి. పెద్ద పందెములో గెలిచినవానికి వచ్చు సొమ్ము ఆనాటి కూలివాని నెల సంపాదనను మించినది. గెలిచిన ధనమును నిజముగానే యిచ్చిరి.

ఏమి తేలినది? నోటితో నడిగిన విధమున జవాబులు అడుగువానిని బట్టి మాఱినవి. నాణెపు పరీక్షతో అవి బొత్తిగా సరిపడలేదు. మనుష్యుని మనస్సును ప్రశ్నాపత్రముతో కొలిచితిమనుకొనువా రీ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. నాణెపు పరీక్షలో, పందెము పెద్దదైనప్పుడు, దాదాపు అందఱును మధ్యమార్గమునే కోరిరి. మిక్కిలి సాహసమును లేదు, మిక్కిలి పిరికితనమును లేదు. సంపద పెరిగినకొలది భయ మించుక తగ్గినట్లు కనబడినను, ఆ తేడా గణాంకశాస్త్రము తేడాగా నంగీకరించునంతటిది కాదు. కూలివాడును, భూస్వామియు నొకే త్రాసులో నించుమించుగా నొకే తూకము తూగిరి. బీదవాడు పిరికివాడు గనుక క్రొత్తను తిరస్కరించునను వాదమున కిచ్చట ఆధారము పోయినది.

అయినచో తిరస్కారమునకు కారణ మేది? ఒక్కొక్కచోట తప్పు వస్తువునందే కలదు. ఆ దినములలోనే ఇక్రిశాట్ వంటి సంస్థలు రెండు చక్రముల బండిచట్ర మొకదానిని ప్రచారము చేసినవి. ఎడ్లు లాగు ఆ చట్రమునకు నాగలి, గొఱ్ఱు, గుంటక మున్నగు వానిని తగిలింపవచ్చును. రైతు దానిపై కూర్చుండి సేద్యము చేయవచ్చును. పలకలు పెట్టిన బండియు నగును. పరిశోధన క్షేత్రములో నది చక్కగా పనిచేసెను. ఊళ్లలో నది నిలువలేదు. పాల్ స్టార్కీ అను నాతడు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ఖండములలో నిట్టి చట్రముల చరిత్ర నంతయు పరిశీలించి, 1988లో నొక గ్రంథమును ప్రకటించెను. "పరిపూర్ణము, ఐనను తిరస్కృతము" అని దాని పేరున కర్థము. వెల హెచ్చు, బరువు హెచ్చు, పలు పనులు చేయవలెనను నాశచే నేపనికిని సాధారణపు పనిముట్టంత తేలిక కాకపోవుట, ఇవి యాయన చూపిన కారణములు. నాగలిని వడ్రంగి చేయును, కమ్మరి సరిచేయును. ఆ చట్రము విఱిగిన యెడల రైతెక్కడికి పోవలెను? వలదనుటలో నాతని బుద్ధి సరిగనే పనిచేసినది.

మఱికొన్నిచోట్ల వస్తువు మంచిదే, కాని దాని నంగీకరించి చెడినవాడు లేవలేడు. మార్క్ రోజెన్‌జ్వైగ్, బిన్స్‌వాంగర్ అను వారు ఈ గ్రామముల లెక్కలనే తీసికొని 1993లో నొక గణన చేసిరి. మెట్ట రైతునకు తొలకరి యెప్పుడు వచ్చునో యనుటయే పెద్ద సందేహము. ఏటేట తొలకరి రాకలోని యీ యనిశ్చయము ఒక కొలబద్ద మేర, అనగా గణాంకశాస్త్రజ్ఞులు ప్రమాణవిచలన మనునంత మేర, పెరిగినచో, నడిమి సంపద గల రైతు లాభము నూటికి 15 పాళ్లు తగ్గును. అందఱికంటె బీదలైన నాల్గవ వంతువారి లాభము నూటికి 35 పాళ్లు తగ్గును. మిక్కిలి కలిగినవారికి దాదాపు తగ్గుదలయే లేదు. ఎందుచేత? కలిగినవాడు వాన తప్పినను తినగలడు గనుక, ఎక్కువ లాభము వచ్చు పంటను, పద్ధతిని నిర్భయముగా నెన్నుకొనును. బీదవాడు లాభము తక్కువైనను ఇల్లు నిలుచు పద్ధతి నెన్నుకొనును. స్వభావ మొకటే; నిలుచున్న నేల వేఱు. ఆ 35 పాళ్లు బీదవాడు తన క్షేమమునకై ఎవరికిని కనబడకుండ చెల్లించు వెల. అదే యేట రోజెన్‌జ్వైగ్, కెనెత్ వోల్పిన్ అనువారు ఆ లెక్కలనుండియే చూపిన దేమనగా, కఱవు వచ్చినప్పుడు రైతులు తిండికై యెడ్ల నమ్ముకొనుచు, మంచి యేట మరల కొనుచుండిరి. తిండి గడిచినది, కాని మరుసటి తొలకరికి కాడి కట్టుట కెడ్లు లేవు.

ఊరివారు పరస్పరము సాయపడరా యని యడుగుదురేమో. సాయపడుదురు. రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో అవురుపల్లి, శిరాపురము, కంజరా గ్రామముల లెక్కలతో దీనిని పరీక్షించెను. ఒక యింటిలో జబ్బు వచ్చినను, పని దొరకకపోయినను, ఆ యింటి తిండి యంతగా తగ్గలేదు. ఊరి సగటు తిండితోపాటే హెచ్చుతగ్గు లయ్యెను. అప్పులు, చేబదుళ్లు, బంధువుల యాదరణ, దాచిన ధాన్యము, వీనిచే నూరు ఊరంతయు నొక గొడుగు వలె పనిచేసినది. సంపూర్ణముగా గాదు, మూడు గ్రామములలో నొకదాన భూమిలేనివారి కా గొడుగు క్రింద చోటు తక్కువయని తేలినది. అంతకంటె ముఖ్యము, ఊరంతటికిని వాన తప్పినప్పుడు ఆ గొడుగే తడిసిపోవును. పొరుగువాడును ఆకలితోనే యున్నప్పుడు ఎవరు ఎవరికి బదులిత్తురు?

ఇంకొక చిక్కు కలదు. క్రొత్త విత్తనము నెట్లు పండింపవలెనో మొదటి యేట నెవరికిని తెలియదు. ఆండ్రూ ఫోస్టర్, రోజెన్‌జ్వైగ్ అనువారు జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి 1968 నుండి 1971 వఱకు దేశమంతట సేకరించిన లెక్కలతో 1995లో చూపిన దిది: రైతు తన యనుభవమువలనను, పొరుగువారి యనుభవమువలనను నేర్చుకొనును, ఆ నేర్పుతో లాభము పెరుగును. అయితే నేర్చుటకై మొదట నష్టపడువా డొకడు. చూచి నేర్చుకొనువారు పదుగురు. కావున ప్రతివాడును పొరుగువాడు ముందు చేయునని వేచియుండును. ముందడుగు వేసిన వాని కష్టము ఊరందఱికి విద్యయగును; నష్టము మాత్ర మాతనిదే. సంఘ మాతనికి బాకీపడి, దానిని తీర్చుకొనుట లేదు.

ఈ బాకీని తీర్చుట కొక ప్రయత్నమును మన ప్రాంతముననే జరిగినది. 2003లో హైదరాబాదు కేంద్రముగా గల బేసిక్స్ సంస్థయు, ఐసిఐసిఐ లొంబార్డు భీమా సంస్థయు కలిసి మహబూబ్‌నగరు జిల్లాలో వర్షపు భీమాను ప్రవేశపెట్టినవి. వర్షమానములో నింత వానకంటె తక్కువ పడినచో, పంటను చూడనక్కఱ లేకయే, రైతునకు డబ్బు ముట్టును. భయపడువాడే దీనిని ముందు కొనవలెనని శాస్త్రము చెప్పును. జావియెర్ జినే, టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ అనువారు విచారించి 2008లో ప్రకటించిన ఫలితము తలక్రిందుగా నుండెను. కొన్నవారిలో కలిగినవారు హెచ్చు. చేతిలో డబ్బులేక అప్పును పుట్టనివారు తక్కువ. అధికముగా భయపడువారే తక్కువగా కొనిరి! కారణ మేమనగా, వారికి వానకంటె ఆ భీమాపత్రమే పెద్ద సందేహముగా తోచినది. సంస్థను ముందే యెఱిగినవారు, ఊరి సంఘములలో నున్నవారు విశేషముగా కొనిరి. పిమ్మట గుజరాతునందును, మన యాంధ్రదేశమునందును జరిపి 2013లో ప్రకటించిన ప్రయోగములును వెల, నమ్మకము, చేతిలోని రొక్కము అను మూడింటి ప్రాధాన్యమును దృఢపఱచినవి. అయొవా రైతు పొరుగువానిని చూచి నమ్మినట్లే, పాలమూరు రైతును తానెఱిగిన మనిషిని చూచి నమ్మెను. నష్టమునుండి కాపాడు వస్తువును గూడ, అది క్రొత్తదైనప్పుడు, ఒక జూదముగానే యెంచవలసివచ్చెను.

ఈ చరిత్రయంతయు నాకు బోధించినది రెండు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, క్రొత్తను తిరస్కరించినవాని గుణమును విమర్శించుటకు ముందు, అది చెడినచో నష్ట మెవరిదని లెక్కింపవలెను. రెండవది, ఆ లెక్కలో జయించినవారినే గాక, ఓడినవారిని, అసలు దిగనివారిని గూడ చేర్చవలెను. అవురుపల్లి పుస్తకముల విలువ యిచ్చటనే యున్నది. వా రాదర్శరైతును వెదకి ఫోటో తీయలేదు. నలువది యిండ్లనెన్ని, లాభము వచ్చిన యేటను, రాని యేటను, అన్ని యిండ్ల తలుపులును తట్టిరి.

ఇది పల్లెలకు మాత్రమే చెందిన పాఠము కాదు. మా దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరు వఱకు గల వీధులలో శిక్షణాలయములు, విద్యార్థుల వసతిగృహములు విస్తారముగా కలవు. కంప్యూటరు విద్యకు, ప్రభుత్వోద్యోగ పరీక్షలకు సిద్ధపడుటకై మెట్ట మండలముల యువకులు అచ్చటికి వచ్చుచుందురు. ఆ కుటుంబములకు చదువే నేటి క్రొత్త విత్తనము. దానికై యప్పు తెచ్చువారు గలరు, భూమి కుదువబెట్టువారు గలరు. వారును పొరుగువానిని చూచియే నమ్ముదురు: ఫలానావారి పిల్లవానికి ఉద్యోగము వచ్చినదట! శిక్షణాలయపు గోడపై వేలాడు ఫలకమున జయించినవారి ముఖములు కనబడును. కాని ఎందఱు చేరగా నిందఱు జయించిరను అంకె యా ఫలకముపై నుండదు. హారము లేని భిన్నము భిన్నము కాదు. తిరిగి పోయినవా రెందఱు, వారి యప్పు తీఱుట కెన్నేండ్లు పట్టెను అని యింటింటికి పోయి వ్రాసినప్పుడు గదా, ఆ విత్తన మెవరి నేలకు సరిపడునో తెలియుట!

ఆ పని యసాధ్యము కాదు. ఇక్రిశాట్ వారు 2001లో తమ గ్రామపరిశీలనను మరల నారంభించి, 2009 నుండి మఱిన్ని గ్రామములకు విస్తరింపజేసిరి. ఆ లెక్కలు పరిశోధకుల కందుబాటులో కలవు. వానిని విశ్లేషించు గణనపద్ధతులను మా పేట శిక్షణాలయములలోనే నేర్పుచున్నారు. మాడ్గుల మండలమునుండి వచ్చి యా విద్య నేర్చిన బాలుడొకడు, తన తాతతండ్రులు విత్తిన యాముదపు చేల లెక్కలను తానే విప్పి చదివిన యెడల, వారు మూఢులో, వివేకులో నిర్ణయించుట కాతనికంటె నర్హు డెవడు? అట్టివాడు తరువాత తన వీధిలోని వసతిగృహముల లెక్కయు తీయవలెనని నా కోరిక.

క్రొత్త విత్తనము, క్రొత్త యంత్రము, క్రొత్త విద్య దేశమున కవసరములే. వానిని తెచ్చువారిని గౌరవింతము. అయితే మొదట నష్టపడు రైతునకు, మొదట నప్పుపడు తల్లిదండ్రులకు ఆసరా చూపునట్టి యేర్పాటును గూడ ఆ క్రొత్తతో పాటే తేవలెను. అట్టి యేర్పాటునకు ఖర్చెంతయగునో లెక్క వేయుట పండితుల పని. ఆ ఖర్చు నెవరు భరింపవలెనో నిర్ణయించుట మన యందఱి పని.